అమ్మాయి పెళ్లికి ముందు ముడతలు: క్రీమా, సూదా?

ప్రశ్న: నా వయసు 47. హనుమకొండ దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. రోజూ స్కూటీ మీద పోవడానికి 40 నిమిషాలు, రావడానికి 40 నిమిషాలు. ఏడాదిగా నెలసరి గతి తప్పింది. అప్పటి నుంచే ముఖం బాగా పొడిబారింది, స్నానం చేసి రాగానే చెంపలు బిగుసుకుపోతాయి. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు పడ్డాయి, నవ్వితే కళ్ల చివర ముడతలు. మా అమ్మాయి హైలురానిక్ యాసిడ్ సీరం కొనిస్తే రెండు నెలలు వాడాను. చర్మం ఇంకా బిగుసుకుంది. మాఘమాసంలో అమ్మాయి పెళ్లి. మొన్న దసరాకు వచ్చిన మా ఆడపడుచు "ఏంటి వదినా, ఇంత వాడిపోయావు" అంది. ఒక క్లినిక్‌లో అడిగితే బొటాక్స్‌కు 18,000, స్కిన్ బూస్టర్ మూడు సిట్టింగులకు 66,000, మొత్తం 84,000 రూపాయలన్నారు. చీటీ ఎత్తిన డబ్బుంది. క్రీములతో ఈ ముడతలు పోతాయా, సూదులే వేయించుకోవాలా? ఫోటో పంపుతున్నాను. – ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడిగింది ముడతల గురించే అయినా, మిమ్మల్ని రోజూ ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది పొడిదనమే అనిపించింది. ఆ రెండూ వేర్వేరు సమస్యలు. వాటికి కారణాలు వేరు, మందులు వేరు. క్లినిక్ వాళ్లు రెండింటినీ ఒకే మూట కట్టి 84,000 అన్నారు. చీటీ డబ్బు ఇప్పుడే తీయకండి. పెళ్లికి ఇంకా నాలుగు నెలలుంది. మీకు కావలసిన పనిలో చాలా భాగానికి ఆ సమయం చాలు.

ముందు ఒక పని చేయండి. రేపు ఉదయం ముఖం కడుక్కుని, ఏమీ రాయకుండా, చిన్న అద్దం పట్టుకుని కిటికీ పక్కన కూర్చోండి. ట్యూబులైటు కింద కూర్చుంటే ఏమీ తెలియదు, వెలుగు ఒక పక్క నుంచి పడాలి. ముఖం వదులుగా పెట్టి చూడండి. తర్వాత హోంవర్క్ చేయని పిల్లాడి వంక చూసినట్టు కనుబొమలు ముడిచి, మళ్లీ వదిలేయండి. వదలగానే ఆ నిలువు గీతలు మాయమైతే అవి కండరం కదిలినప్పుడు పడే గీతలు. వదిలాక కూడా సన్నగా నిలిచి ఉంటే, కాగితాన్ని మళ్లీ మళ్లీ మడతపెట్టిన చోట పడిన గీత లాంటివి. ఇప్పుడు చెంప మీద రెండు వేళ్లు ఆనించి మెల్లగా పైకి నెట్టండి. కాచిన పాల మీద మీగడ ముడతపడినట్టు సన్నసన్నని గీతలు బోలెడు కనిపిస్తే, అందులో చాలా వరకు తేమ లేక వచ్చినవే. మీ ఫోటోలో నాకు కనిపించినంత వరకు చెంపల నిండా ఈ మీగడ గీతలే. కనుబొమల మధ్యవి మాత్రం నిజమైన గీతలు. ఇంకొకటి కూడా కనిపించింది, మీరు రాయలేదు: రెండు బుగ్గ ఎముకల మీదా లేత గోధుమ రంగులో మంగు మచ్చలు. మన చర్మంలో వయసు తరచుగా ముడతల కంటే ముందు రంగులోనే బయటపడుతుంది. చూసేవాళ్లు "వాడిపోయావు" అన్నప్పుడు వాళ్ల కంటికి ఆనేది చాలాసార్లు ఈ మచ్చలే.

ఇక క్రీమా సూదా అన్న ప్రశ్న. దీన్ని తేల్చేది పదార్థం అణువు ఎంత పెద్దదన్న సంగతి. మన చర్మం పైపొర లోపలి నీరు ఆవిరైపోకుండా, బయటి సరుకు లోపలికి రాకుండా కాసే గోడ. చర్మవైద్యంలో ఒక మోటు లెక్క ఉంది: అణుభారం 500 డాల్టన్లు (అణువుల బరువుకు కొలత) దాటిన పదార్థం ఈ గోడ దాటి లోపలికి పోవడం కష్టం. ముడతలకు వాడే ట్రెటినాయిన్ అనే మందు అణుభారం 300, కాబట్టి పోతుంది. గ్లిజరిన్ 92, యూరియా 60. ఇవి ఇంకా సులువుగా పోతాయి. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ సుమారు మూడు లక్షలు. డబ్బా మీద కొల్లాజెన్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది చర్మం పైనే ఉండిపోతుంది, లోపల కరిగిపోయిన కొల్లాజెన్ స్థానంలోకి వెళ్లదు. బొటాక్స్‌లోని విషపదార్థం లక్షన్నర. "సూది లేని బొటాక్స్ క్రీమ్" అని ఎవరైనా అమ్మితే, ఆ పేరు నమ్మి కొనకండి. చిన్న అణువులకు క్రీము చాలు, పెద్దవాటికి సూది కావాలి. మీకు చెప్పిన ప్యాకేజీలో మూడొంతులకు పైగా ఖర్చు స్కిన్ బూస్టర్లదే, అంటే చర్మంలో తేమ నింపే సూదులదే. చిన్న అణువులు తీర్చగల దాహానికి అంత డబ్బు అడుగుతున్నారన్నదే నా అభ్యంతరం.

మీ అమ్మాయి ప్రేమగా కొనిచ్చిన సీరం ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు అర్థమవుతుంది. హైలురానిక్ యాసిడ్ అణువు వేల నుంచి లక్షల డాల్టన్ల దాకా ఉంటుంది. అది పైనే కూర్చుని దొరికిన నీటిని పట్టుకుంటుంది. గాలిలో తేమ ఉంటే సరే. ఏసీ గదిలోనో, పొడిగాలిలోనో, ఆరిపోయిన ముఖం మీద రాసి ఊరుకుంటే అది పట్టుకున్న నీరు కూడా ఆవిరైపోతుంది, చర్మం ఇంకా బిగుసుకుంటుంది. కొత్త కుండలో నీళ్లు పోస్తే బయట చెమ్మగిల్లుతుంది కదా, మన చర్మంలో నుంచీ అలాగే నీరు ఎప్పుడూ బయటికి ఊరి ఆరిపోతూనే ఉంటుంది. కుండకు పూత పూయకుండా ఎన్ని నీళ్లు పోసినా నిలవవు. సీరం పారేయనక్కరలేదు. ముఖం తడి తడిగా ఉండగానే రెండు చుక్కలు రాసి, వెంటనే పైన క్రీము పూయండి.

పొడిదనానికి చేయవలసింది చాలా మామూలు పని, అందుకే ఎవరూ దాన్ని ప్యాకేజీగా అమ్మరు. ముఖానికి వేడినీళ్లు, సబ్బు, సున్నిపిండి మానేయండి. నురగ తక్కువ వచ్చే క్లెన్సర్‌తో రాత్రి ఒక్కసారి కడిగితే చాలు, ఉదయం ఉత్త నీళ్లు. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ముఖం పూర్తిగా ఆరకముందే గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మం పైపొరలో సహజంగా ఉండే కొవ్వులు) ఉన్న చిక్కటి మాయిశ్చరైజర్ రాయండి. ఖరీదైనది అక్కర్లేదు, మెడికల్ షాపులో దొరికే వాసన లేని రకం చూడండి. రాత్రి పడుకునే ముందు బుగ్గల మీద, పెదవుల చుట్టూ వ్యాజలైన్ పలుచగా పూస్తే అదే కుండకు పూత. రెండు మూడు వారాల్లో మీగడ గీతలు సగానికి తగ్గుతాయనే నా నమ్మకం. మరో మాట: 47 ఏళ్లు, నెలసరి తేడా, పొడిచర్మం కలిసి ఉన్నాయి కాబట్టి ఒకసారి థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ తగ్గి చర్మం ఎండుతుంటే ఏ క్రీమూ, ఏ సూదీ దాన్ని తీర్చదు. థైరాయిడ్ బాగానే ఉంటే ఇది చాలా వరకు నెలసరి ఆగే దశ వల్లే. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోయాక మొదటి ఐదేళ్లలో చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం తగ్గుతుందని లెక్క. ఇందులో మీ నిర్లక్ష్యం ఏమీ లేదు. మీ ఆడపడుచుకు ఆ మాట చెప్పినా తప్పులేదు.

ఎండ సంగతి దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే రోజుకు 80 నిమిషాలు స్కూటీ మీద మీ ముఖం ఎండకే ఉంటోంది. 2012లో అమెరికా వైద్యపత్రిక ఒకదానిలో ఒక ఫోటో వచ్చింది. మా చర్మవైద్యులలో దాన్ని చూడనివాళ్లు అరుదు. 69 ఏళ్ల పెద్దమనిషి, 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపారు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, కిటికీ కూడా ఎడమవైపే. ఆయన ముఖం కుడి సగం వయసుకు తగ్గట్టుంది, ఎడమ సగం దున్నిన పొలంలా లోతైన మడతలతో వేలాడిపోయింది. మనిషి ఒకడే, వయసు ఒకటే, తేడా చేసింది అద్దంలోంచి వచ్చిన ఎండ. అతినీలలోహిత కిరణాల్లో యూవీఏ అనే రకం మామూలు గాజును దాటి వస్తుంది. మన దగ్గరైతే డ్రైవర్లకు కుడి చెంప ముందు పాడవుతుంది. స్కూటీకి ఆ గాజు కూడా లేదు.

ఎండను ఆపితే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని నాంబర్ అనే ఊళ్లో చూశారు. 55 ఏళ్లలోపు 903 మందిని తీసుకుని, కొందరికి రోజూ సన్‌స్క్రీన్ రాయమని, మిగతావారికి మీ ఇష్టం వచ్చినప్పుడు రాసుకోమని చెప్పారు. నాలుగున్నరేళ్ల తర్వాత, రోజూ రాసినవారి చర్మం మొదలుపెట్టిన నాటికన్నా ముదిరినట్టు కనిపించలేదు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చర్మం ముదరడాన్ని ఆపడంలో ఇంత గట్టి రుజువు ఏ సూదికీ నేను చూడలేదు. మీరు ఎస్‌పీఎఫ్ 30 కానీ 50 కానీ, పీఏ ప్లస్సులు (యూవీఏను ఎంత ఆపుతుందో చెప్పే గుర్తులు) కనీసం మూడు ఉన్నది తీసుకోండి. మంగు మచ్చలున్నాయి కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, కాస్త గోధుమరంగు ఉన్న రకం ఇంకా మంచిది. తెల్లటి రకాలు సాధారణంగా అతినీలలోహిత కిరణాలనే ఆపుతాయి. మంగును నల్లబరిచే కంటికి కనిపించే వెలుగును కూడా ఈ రంగు కొంత అడ్డుకుంటుంది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండినంత కావాలి ముఖానికి, మెడకు. మనవాళ్లు రాసేది అందులో పావు వంతే. బడికి వెళ్లేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకొకసారి. స్కార్ఫ్ ఎటూ కట్టుకుంటారు, అది మానకండి.

ముడతల మీద నిజంగా పనిచేసే క్రీము ఒకటుంది: ట్రెటినాయిన్. మొటిమల మందుగా వచ్చి, 1980లలో అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడి పరిశోధనతో ముడతల మందుగా పేరు తెచ్చుకుంది. లోపలికి వెళ్లి కొల్లాజెన్ తయారీని పెంచుతుంది, పైపొరను సాపు చేస్తుంది, మచ్చల రంగు కూడా తగ్గిస్తుంది. మన దగ్గర ఒక ట్యూబు రెండు మూడు వందల రూపాయల్లో దొరుకుతుంది. అయితే డాక్టర్ రాసిస్తేనే వాడాలి. 0.025 శాతంతో మొదలుపెట్టండి. రాత్రిపూట, ముఖం బాగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని నుదురు, చెంపలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పరచండి. ముఖమంతటికీ ఆ ఒక్క గింజే. మొదటి నెల వారానికి రెండు రాత్రులే. మీకు ముందే పొడిచర్మం కాబట్టి కింద ఒక పూత మాయిశ్చరైజర్, మధ్యలో మందు, పైన మళ్లీ మాయిశ్చరైజర్. మొదటి మూడు వారాలు పొట్టు లేస్తుంది, ఎర్రబడుతుంది. ఓర్చుకోండి గానీ, మంట పుడుతుంటే మొండిగా రాయకండి. మన రంగు చర్మం మండితే ఆ చోట నల్లమచ్చ మిగిలి, అది పోవడానికి నెలలు పడుతుంది. సన్నగీతల్లో తేడా కనిపించేది మూడు నెలల నుంచి ఆరు నెలల లోపు. నెలసరి ఇంకా పూర్తిగా ఆగలేదు కాబట్టి, గర్భం వచ్చే అవకాశం ఏమాత్రం ఉన్నా వాడకూడదన్నది గుర్తుంచుకోండి. రెటినాల్ దీని చిన్న చెల్లెలు: మంట తక్కువ, బలమూ తక్కువే. విటమిన్ సి సీరం మంచిదే గానీ సీసా తెరిచాక గోధుమరంగుకు తిరిగితే బలం పోయినట్టే. నాలుగు నెలలే ఉన్నప్పుడు దాని వెంట పడనక్కరలేదు.

మచ్చల కోసం మెడికల్ షాపులో ఎవరైనా మూడు మందులు కలిసిన తెల్లబరిచే ట్యూబు చేతిలో పెడితే తీసుకోకండి. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో ముఖం మెరుస్తుంది, అదే దాని మాయ. నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలుచబడి, ఎర్రటి నరాలు తేలి, ఎండలోకి పోతే భగ్గుమంటుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించాక కూడా నా దగ్గరికి అలా కాలిన ముఖాలతో వచ్చేవాళ్లు తగ్గలేదు.

ఇప్పుడు సూదుల దగ్గరికొద్దాం. బొటాక్స్‌ను నేను తప్పుపట్టను. కనుబొమల మధ్య గీతలకు దానికి సాటి క్రీము లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి వైద్యుడు మెల్లకన్నుకు వాడిన మందు ఇది. వాంకూవర్‌లో జీన్ కారుథర్స్ అనే కంటి డాక్టరమ్మ, రెప్పలు అదిరే జబ్బుకు ఈ సూది వేస్తుంటే, నుదుటి గీతలు కూడా పోతున్నాయని పేషెంట్ ద్వారా గమనించారు. ఆమె భర్త అలస్టేర్ చర్మవైద్యుడు. ఇద్దరూ కలిసి 1992లో ఆ సంగతి ప్రచురించారు. 2002లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కనుబొమల మధ్య గీతలకు దీన్ని అనుమతించింది. నరం నుంచి కండరానికి వెళ్లే కబురును ఆపుతుంది, అంతే. కండరం ముడవదు, గీత పడదు. చర్మానికి ఒక చుక్క తేమ ఇవ్వదు, మచ్చ తగ్గించదు. మూడు నాలుగు రోజులకు మొదలై, రెండు వారాలకు పూర్తి ప్రభావం, మూడు నాలుగు నెలలకు దిగిపోతుంది. నిలుపుకోవాలంటే మీకు చెప్పిన ధరకే ఏడాదికి మూడుసార్లు, 54,000. ఒక్క పెళ్లికోసమే అయితే ఒక్కసారి చాలు, ఆపేస్తే గీతలు ఎప్పటిలా వస్తాయి, ఇంకా పెరగవు.

స్కిన్ బూస్టర్ అంటే అదే హైలురానిక్ యాసిడ్‌ను పలుచటి జెల్‌గా, సన్నని సూదితో చర్మం లోపలిపొరలో చుక్కలు చుక్కలుగా వేయడం. అక్కడ అది నీటిని పట్టి ఉంచి చర్మాన్ని కాస్త నిండుగా, నునుపుగా చేస్తుంది. మామూలు హైలురానిక్ యాసిడ్ మన చర్మంలో ఒకటి రెండు రోజుల్లోనే కరిగిపోతుంది, కాబట్టి నిలవడానికి చాలా జెల్‌లలో దాని గొలుసులను రసాయనంతో ముడివేస్తారు. అలా కొన్ని నెలలు ఉంటుంది. ఫలితం ఉంది, లేదనను. కానీ మీ చెంపలు బిగుసుకునేది పైపొర ఎండడం వల్ల, ఈ జెల్ ఉండేది దానికింది పొరలో. కింద ఎంత తేమ నింపినా పైపూత లేకపోతే స్నానం చేసి రాగానే అదే బిగుతు. 66,000 పెట్టి ఆ బిగుతు పోలేదని ఏడ్చినవాళ్లను చూశాను. ఫిల్లర్ దీనికన్నా చిక్కటి జెల్, గుంటలు పూడ్చడానికి. ముక్కు పక్కన లోతైన మడత మీకు లేదు. కనుబొమల మధ్య గీతలో ఫిల్లర్ వేస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. అక్కడి రక్తనాళాలు కంటి నాళాలతో కలుస్తాయి. జెల్ నాళంలోకి పోతే చూపు పోవచ్చు. అది అరుదే, కానీ పోయిన చూపు తిరిగి రావడం ఇంకా అరుదు.

మూడు నెలలు పైన చెప్పినవి చేశాక కూడా ఆ రెండు నిలువు గీతలు మిమ్మల్ని బాధిస్తే బొటాక్స్ ఒక్కటే వేయించుకోండి. సంక్రాంతి వెళ్లగానే, పెళ్లికి కనీసం నెల ముందు. నా దగ్గరికి ఒకావిడ గృహప్రవేశం ఎనిమిది రోజులుందనగా వేరేచోట వేయించుకుని వచ్చారు. మందు కిందికి జారి ఎడమ రెప్ప సగం వాలిపోయింది. అది తనంతట తానే నెలా నెలన్నరలో పైకి లేచింది, కానీ గృహప్రవేశం ఫోటోలన్నింటిలో ఆవిడ చేయి అడ్డం పెట్టుకునో, పక్కకు తిరిగో ఉన్నారు. నెల ముందైతే ఇలాంటివి సర్దుకోవడానికి సమయం ఉంటుంది.

వేసేవాళ్లు ఎవరో గట్టిగా అడగండి, మొహమాటం వద్దు. చర్మవ్యాధుల్లో ఎం.డి. గానీ డి.ఎన్.బి. గానీ డిప్లొమా గానీ, లేదా ప్లాస్టిక్ సర్జన్ గానీ అయి ఉండాలి. గోడ మీద "కాస్మెటాలజీ" అన్న సర్టిఫికెట్టు చాలదు. తెలంగాణ వైద్య మండలిలో వాళ్ల రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడొచ్చు. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి మీ ముందే విప్పమనండి, పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. 2024లో అమెరికాలోనే నకిలీ బొటాక్స్ వేయించుకుని కొందరు ఆసుపత్రి పాలయ్యారు. జెల్ ఏదైనా వేస్తే, దాన్ని కరిగించే హైలురానిడేస్ అదే గదిలో ఉందా అని అడగండి. లేదంటే అక్కడ వేయించుకోవద్దు. మయస్థీనియా వంటి కండరాల బలహీనత ఉన్నా, రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి. ఇక పెళ్లి ప్యాకేజీల్లో తెలుపు కోసం కలిపే గ్లూటాథయోన్ సెలైన్లు మీకూ వద్దు, మీ అమ్మాయికీ వద్దు. చర్మం తెల్లబడడానికి ఎఫ్‌డీఏ ఏ ఇంజెక్షన్‌నూ అనుమతించలేదు.

చివరి వారం సంగతి ఒకటి మర్చిపోకండి. ట్రెటినాయిన్ వాడే చర్మం మీద పై పెదవికి వ్యాక్స్ చేస్తే పొర ఊడి వస్తుంది. థ్రెడింగ్, బ్లీచ్, ఫేషియల్, నలుగు ఏదున్నా వారం ముందే ఆ మందు ఆపేయండి. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రం పెళ్లిరోజు ఉదయం వరకూ. మేకప్ చేసే అమ్మాయికి కూడా సన్‌స్క్రీన్ చర్మంలోకి ఇంకిన తర్వాతే మొదలుపెట్టమని చెప్పండి.

రేపు అద్దంలో చూసుకున్నాక, అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఒక ఫోటో తీసి దాచండి. నెలకొకటి అలాగే తీయండి. సంక్రాంతికి నాలుగూ కలిపి నాకు పంపండి, సూది అవసరమో కాదో అప్పుడు చూసి చెబుతాను.